ముల్లు సాక్ష్యం

పద్యంలో గణదోషమో యతిభంగమో ఉంటే చూపించమని అడిగితే ఈ వయసులోనూ చూపించగలను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు నేర్పిన విద్య అది. కానీ మోటారు కారులో పెట్రోలు ముల్లు ఎందుకు తప్పు చూపుతోందో తేల్చవలసిన పని నా నెత్తిన పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. పడింది. తేల్చాము. తేలినదాన్ని ఇక్కడ రాసిపెట్టడం నాకు విధి అనిపించింది. ఇందులో కొంత యంత్రచరిత్ర, కొంత మా ఊరి చరిత్ర, కొంత మా ఇంటి చరిత్ర కలగలిసి ఉన్నాయి. విడదీయడం నా వల్ల కాలేదు.

మా ఊరు శృంగవరపుకోట. ఎస్.కోట అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. విశాఖపట్నం నుండి అరకు వెళ్ళేవారు మా ఊరి మీదుగానే వెళ్ళాలి. బొడ్డవర దాటగానే ఘాటు రోడ్డు మొదలవుతుంది. కొత్తవలస నుండి కిరండూల్ వరకు వేసిన రైలుమార్గం మా ఊరి మీదుగానే పోతుంది. కానీ బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడం కోసం వేసిన మార్గం కనుక, మనుషుల అవసరాలకు మోటారు బండ్లే దిక్కుగా ఉండేవి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే వరకు మేము విశాఖపట్నం జిల్లావాళ్ళం.

మా తండ్రిగారు బెల్లం వ్యాపారి. 1977లో ఒక అంబాసిడర్ మార్క్ 3 కారును రెండో చేతి మీద కొన్నారు. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. అందుచేత పాత కారుకూ గౌరవం తక్కువ కాదు. పెళ్ళిళ్ళకూ, పుణ్యగిరి శివరాత్రికీ, అత్యవసరమైతే విశాఖ పెద్దాసుపత్రికీ ఊళ్ళోవాళ్ళు మా కారునే అడిగేవారు. నాన్నగారు పోయాక అది పెరటి రేకులషెడ్డులో ఉండిపోయింది. కిందటేడు మా తమ్ముడు పాత ఇనుము కొనేవాళ్ళకు తూకానికి ఇచ్చేద్దామన్నాడు. మా చెల్లెలి కొడుకు ఒప్పుకోలేదు. వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చినవాడు. "మావయ్యా, ఇలాంటి బండి మళ్ళీ రాదు. నేను నడిపించి చూపిస్తాను" అని పట్టుబట్టాడు.

డిక్కీ తెరిస్తే రెంచీలు, పాత గుడ్డలు, వాటి కింద సన్నని పేము బెత్తం ఒకటి కనబడ్డాయి. బెత్తం మీద కత్తితో కోసిన గాట్లు ఉన్నాయి. బడిపంతుళ్ళ ఇంట బెత్తానికి కొదవేమిటని నేను పక్కన పడేశాను. బ్యాటరీ మార్చి, టాంకు దించకుండానే అడుగు బిరడా విప్పి పాచిపోయిన పెట్రోలు వదిలేసి, కార్బురేటరు కడిగి, మూతి దాకా కొత్త పెట్రోలు పోశాక బండి కదిలింది. తాళం తిప్పగానే పెట్రోలు ముల్లు మెల్లగా పైకి లేచింది. లేచి లేచి ముప్పావు దగ్గర ఆగిపోయింది.

నా మేనల్లుడికి అది చిన్న మరమ్మతు. నాకు మాత్రం నోట మాట రాలేదు. నలభై ఏళ్ళకు పూర్వం ఆ ముల్లు అక్కడే ఆగిందని ఒక మనిషికి మా ఇంట్లో దొంగ అని పేరు పెట్టారు.

అతను మా డ్రైవరు. పేరు రాయను. బొడ్డవర దాపునున్న పల్లెవాడు. నేను విజయనగరంలో చదువుకుంటున్న రోజుల్లో సెలవులకు ఇంటికి తెచ్చి మళ్ళీ దిగబెట్టినవాడు. ఘాటు మీద వానలో బండి తోలడంలో అతని చెయ్యి ఎంత నమ్మకమైనదో మా ఊళ్ళో పెద్దలందరికీ తెలుసు. 1981లో సంక్రాంతి మొదలు ఉగాది దాకా, టాంకు నింపుకురమ్మని డబ్బిచ్చి పంపిన ప్రతిసారీ ముల్లు ముప్పావు దగ్గరే నిలిచేది. బంకు చీటీలో మాత్రం నిండు టాంకు లెక్క ఉండేది. నాన్నగారు రెండుసార్లు ఊరుకున్నారు, మూడోసారి నిలదీశారు. అతను చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "నాను తియ్యలేదు బాబూ. ముల్లుకేటి తెలుస్తాది? బండి నడిసిన కిలోమీటర్లు లెక్కెట్టి సూడండి." ఎవరూ లెక్కెట్టలేదు. అప్పటికి ఇరవైమూడేళ్ళ వాడిని, భాషాప్రవీణ చదివినవాడిని, వరండాలో నిలబడి విన్నాను. నేనూ లెక్కెట్టలేదు. ఉగాది వెళ్ళిన వారానికే అతన్ని పనిలోంచి తీసేశారు. చిన్న ఊరు కదా, పెట్రోలు దొంగ అన్న పేరు వచ్చాక మరొకరు బండి ఇవ్వలేదు. జయపూరు వెళ్ళి లారీ తోలుతున్నాడని తరువాత విన్నాం.

ఆనాటి అనుమానానికి కాలం కూడా తోడయిందని చెప్పాలి. పెట్రోలు అప్పటికి నీళ్ళలా వాడుకునే వస్తువు కాదు. 1957లోనే విశాఖపట్నంలో కాల్టెక్స్ వారి చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1976లో ప్రభుత్వం దాన్ని తీసుకున్నది, 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. శుద్ధి మన పక్కనే జరుగుతున్నా ముడిచమురు సముద్రం దాటి రావలసిందే. 1973 అక్టోబరు యుద్ధం తరువాత అరబ్బు దేశాలు సరఫరా బిగించడంతో కొద్ది నెలల్లోనే పీపా మూడు డాలర్ల దరిదాపుల నుండి పన్నెండు డాలర్ల దాకా పోయింది. ఆ నవంబరులో ధరల పెంపును నిరసిస్తూ అటల్ బిహారీ వాజపేయి ఎద్దుబండి మీద పార్లమెంటుకు వెళ్ళారు. 1979లో ఇరాను విప్లవంతో రెండో దెబ్బ తగిలింది. పెట్రోలు బంగారమైన రోజుల్లో దాని కాపలాదారు ఆ ముల్లు. యజమాని కళ్ళు దాని మీద, డ్రైవరు బతుకు దాని కింద.

ముల్లు అనే మాటను గమనించండి. త్రాసుకూ, గడియారానికీ, ఈ మీటరుకూ మనవాళ్ళు ఒకే మాట వాడారు. త్రాసు ముల్లు నిజంగా బరువు వల్లనే కదులుతుంది. మన పాత కొలతలు, అంటే గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, అన్నీ వస్తువును పాత్రలో పోసి కంటికి చూపించేవే. పెట్రోలు ముల్లు అలాంటిది కాదు. దానికి పెట్రోలు కనబడదు. టాంకులో ఒక తేలుడు బుడ్డి ఉంటుంది. దాన్నే ఫ్లోటు అంటారు. అది పైకీ కిందికీ కదిలినప్పుడు దాని చెయ్యి ఒక తీగచుట్ట మీద జరుగుతుంది. ఆ చుట్ట గుండా పోయే కరెంటు హెచ్చుతగ్గులే ముందున్న ముల్లును కదుపుతాయి. కాబట్టి ముల్లు చెప్పేది కరెంటు సంగతి, పెట్రోలు సంగతి మనం ఊహించుకుంటున్నది.

ఈ ఊహ లేకుండానే ప్రపంచం చాలాకాలం కార్లు నడిపింది. ఫోర్డ్ మోడల్ టీ 1908 నుండి 1927 దాకా కోటిన్నర బండ్లు తయారైంది. అందులో పెట్రోలు మీటరు లేదు. సీటు ఎత్తి, టాంకు మూత విప్పి, పుల్ల ముంచి చూసుకునేవారు. దానికి పెట్రోలు పంపు కూడా లేదు, టాంకు నుండి ఇంధనం తనంతట తానే ఇంజనుకు పారవలసిందే. అందుచేత పెట్రోలు తగ్గినప్పుడు నిటారు ఎత్తు వస్తే బండిని తిప్పి వెనక్కు ఎక్కించేవారట. మా అనంతగిరి ఘాటు మీద ఆ దృశ్యం ఊహించుకుని నవ్వుకున్నాను. జర్మనీవారి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులోనూ 1960ల ఆరంభం దాకా మీటరు లేదు. ఇంజను తడబడితే కాలితో రిజర్వు కుళాయి తిప్పుకోవడమే. మన స్కూటర్ల రిజర్వు కుళాయి సంగతి మీకు చెప్పనక్కరలేదు.

మన అంబాసిడర్ పుట్టుక ఇంగ్లాండులో. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో ఏర్పడి, గుజరాతులోని ఓఖా రేవు నుండి 1948లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకు మారింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును తీసుకుని 1957లో అంబాసిడర్ అని పేరు పెట్టారు. మంత్రి ఎక్కినా, మా ఊరి పెళ్ళికొడుకు ఎక్కినా ఆ ఒక్క కారే. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది, 2017లో పేరును ఫ్రాన్సువారి ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మేశారు. బండి లేకపోయినా పేరుకు వెల ఉన్నదన్నమాట.

ఆ తరం బ్రిటిషు కార్ల పెట్రోలు మీటర్లు రెండు రకాలు. మొదటిది అయస్కాంతపు రకం. రెండు తీగచుట్టల మధ్య ముల్లు, తాళం తిప్పగానే చటుక్కున లేస్తుంది, గతుకుల్లో ఊగులాడుతుంది. రెండవది వేడి రకం. రెండు వేర్వేరు లోహాలను అతికించిన సన్నని రేకు మీద తీగ చుట్టి ఉంటుంది. కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది, లోహాలు సమానంగా వ్యాకోచించవు కనుక రేకు వంగుతుంది, ముల్లు లేస్తుంది. ఈ జంటలోహపు రేకును పద్దెనిమిదవ శతాబ్దిలో జాన్ హారిసన్ అనే ఆంగ్లేయుడు ఓడ గడియారం వేసవికీ చలికీ తప్పకుండా నడవాలని కనిపెట్టాడు. నడిసముద్రంలో రేఖాంశం తెలుసుకోవడానికి పుట్టిన రేకు, మా బెల్లం కారులో డ్రైవరు మీద నేరం మోపింది! మా ముల్లు నెమ్మదిగా లేచింది కనుక అది వేడి రకమేనని మేనల్లుడు తేల్చాడు.

ఇక దోషనిర్ణయం. నేను మీటరే పాడయింది, మార్చేద్దామన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "అందరూ ముందు మీటరునే తిడతారు మావయ్యా. అది ఆఖరున చూడాలి." ఈ రకం మీటర్లకు బ్యాటరీ కరెంటు నేరుగా వెళ్ళదు, సుమారు పది వోల్టుల దగ్గర నిలిపే చిన్న పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది. ఇంజను వేడి చూపే ముల్లు కూడా దాని మీదే ఆధారపడిన కార్లలో రెండు ముళ్ళూ కలిసి తప్పితే ఆ పెట్టెను అనుమానించాలి. మా దాంట్లో పెట్టె నుండి కరెంటు సరిగానే వస్తోంది.

తరువాత వెనక్కు వెళ్ళి టాంకు యూనిట్ దగ్గర తీగను ఊడదీశాడు. నేను ముందు కూర్చుని ముల్లును చూస్తున్నాను. అది మెల్లగా సున్నాకు దిగింది. "ఇప్పుడు చూడు" అని ఆ తీగ కొసను బండి ఇనుముకు క్షణకాలం తాకించాడు. ముల్లు లేచి, ముప్పావు దాటి, నిండు గీతనూ దాటబోయింది. వెంటనే తీసేశాడు. ఎక్కువసేపు ఉంచితే లోపలి తీగ మాడిపోతుందట. అయస్కాంతపు రకంలో ఇదే పరీక్ష తలకిందులుగా ఫలిస్తుందనీ, రకం తెలుసుకోకుండా పరీక్షిస్తే మంచి మీటరును పారేస్తామనీ చెప్పాడు. మా ముందున్న మీటరూ, వెనక దాకా పోయే తీగా నిర్దోషులు. మిగిలినది టాంకు యూనిట్, లేదా దాని ఎర్తు.

కరెంటు వెళ్ళడానికి తీగ ఉన్నట్టే తిరిగి రావడానికి దారి ఉండాలి. ఆ దారి టాంకు ఒంటి నుండి కారు ఒంటికి, ఇనుము ఇనుమును తాకడం ద్వారా. ఆ తాకుడునే ఎర్తు అంటారు. వాడు ఒక జానెడు తీగ తీసుకుని ఒక కొస యూనిట్ అంచుకూ, రెండో కొస గీకి శుభ్రం చేసిన చాసిస్ ఇనుముకూ బిగించాడు. నేను మళ్ళీ ముందుకు వెళ్ళి కూర్చున్నాను. ముల్లు ముప్పావు నుండి కదిలింది. గింజ గింజగా జరిగి నిండు గీత మీద నిలిచింది.

టాంకుకూ బండికీ మధ్య దట్టమైన నల్లరంగు, దాని కింద తుప్పు. మేనల్లుడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఈ రకం యూనిట్లలో టాంకు నిండుగా ఉన్నప్పుడు అవరోధం సుమారు 20 ఓములు, సగానికి 65, ఖాళీ అయితే 240 దాకా. రంగూ తుప్పూ కలిసి మరో 20 చేర్చాయనుకోండి. నిండు టాంకు వద్ద ఇరవై కాస్తా నలభై అవుతుంది, ముల్లు బాగా దిగిపోతుంది. ఖాళీ టాంకు వద్ద 240 కాస్తా 260 అయినా పెద్ద తేడా కనబడదు. అంటే ఈ దోషం ఉన్న ముల్లు టాంకు ఖాళీగా ఉన్నప్పుడు నిజమే చెబుతుంది, నింపుకొచ్చిన క్షణానే అబద్ధమాడుతుంది. బండి దారిలో ఎక్కడా ఆగిపోదు కనుక ఎవరికీ మీటరు మీద సందేహం రాదు. సందేహమంతా నింపుకొచ్చినవాడి మీదకే పోతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ తప్పు 1981లోనే ఉన్నదని రుజువేమిటి? తరువాత వచ్చి ఉండవచ్చు కదా. అటక మీది ట్రంకుపెట్టెలో నాన్నగారి కారు పద్దుల పుస్తకం ఉన్నదని గుర్తు. మర్నాడు దించాను. ఆయన లెక్కలలో కడు నిష్ఠ కలవారు. తేదీ, లీటర్లు, మీటరులో కిలోమీటర్లు, ఎక్కడికి వెళ్ళింది, అన్నీ ఉన్నాయి.

1980 డిసెంబరు పేజీలో ఈ పంక్తి ఉంది. "టాంకు లీకు. దింపించి మాటు వేయించి నల్లరంగు పూయించితిమి." తరువాత నెల నుండి పక్కన చిన్న అక్షరాలతో "ముల్లు 3/4" అన్న గుర్తులు. అంతకు ముందు పేజీలలో ఆ గుర్తు ఎక్కడా లేదు. ఇక కిలోమీటర్లు లెక్కించాను, ఆ డ్రైవరు ఆనాడు అడిగిన లెక్క. రంగు పూయక ముందు లీటరుకు తొమ్మిది, తొమ్మిదిన్నర. అరకు ఎక్కినప్పుడు కొంచెం తక్కువ. రంగు పూశాకా అంతే. 54 లీటర్ల టాంకులో పావు వంతు, అంటే పదమూడు లీటర్ల పైచిలుకు, ప్రతిసారీ మాయమై ఉంటే ఈ లెక్క ఏడుకు పడిపోవాలి. పడలేదు. ఒక్క చుక్క ఎక్కడికీ పోలేదు.

ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేదేమో. పేజీ తిప్పాను. కొత్త డ్రైవరు వచ్చిన తరువాత, 1981 జూలైలో, నాన్నగారి చేతిరాత ఇలా ఉంది. "నేనే దగ్గరుండి పోయించితిని. ముల్లు 3/4." దాని కింద రెండు రోజుల తరువాత తేదీ వేసి, "బెత్తము కొలత. నిండు."

నేను పక్కన పడేసిన పేము బెత్తం అదే. వంకర గొట్టంలోంచి దిగాలంటే వంగే బెత్తమే కావాలి. గాట్లు పావు, సగం, ముప్పావు, నిండు. ఆ తరువాతి పద్దులలో ముల్లు ప్రసక్తే లేదు, చివరి పేజీ దాకా అన్నీ బెత్తం కొలతలే. మా నాన్నగారికి తెలిసింది. మూడు నెలలకే తెలిసింది. జయపూరుకు ఒక కార్డు రాయలేదు. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఆయన ధర్మాత్ముడని ఊరు చెప్పుకుంటుంది, నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధమనను. కానీ ఈ పేజీ కూడా ఆయనదే.

విచారించగా డ్రైవరు పోయి పన్నెండేళ్ళయిందని తెలిసింది. భార్య తిరిగి సొంత పల్లెకు వచ్చేసింది. డెబ్బైయయిదేళ్ళు దాటిన మనిషి. పద్దుల పుస్తకం చంకన పెట్టుకుని మేనల్లుడితో కలిసి వెళ్ళాను, ఆ కారులోనే. ఆమె నన్ను గుర్తుపట్టింది. కారును ఇంకా ముందే గుర్తుపట్టింది. అరుగు మీద కూర్చుని జరిగినదంతా చెప్పాను. తుప్పూ, రంగూ, ఓములూ ఆమెకెందుకని మొదట అవి వదిలేశాను. ఆమె ఊరుకోలేదు. "ముల్లు ఎందుకలాగ సూపించింది బాబూ?" అని అడిగింది. మేనల్లుడు ఆమెను ముందుసీటులో కూర్చోబెట్టి, వెనక ఆ జానెడు తీగను ఊడదీసి ఒకసారీ, బిగించి ఒకసారీ చూపించాడు. ముల్లు దిగడం, లేవడం ఆమె కళ్ళార్పకుండా చూసింది.

తరువాత జూలై నెల పేజీ చదివి వినిపించాను. అది చదవకుండా రావచ్చుననీ, తండ్రిని ఇంత పలచన చేయనక్కరలేదనీ దారిలో చాలాసేపు అనుకున్నాను. చదివాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. పిమ్మట, "ఇదంతా ఒక కాయితం మీద రాసియ్యండి మేష్టారూ. మా మనవలకి సూపిస్తాను" అన్నది.

మనవడి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. ఫలానా సంవత్సరంలో ఫలానావారు మా కారు నడిపిన కాలంలో పెట్రోలు ఏమాత్రం తగ్గలేదనీ, తప్పు టాంకు ఎర్తుదనీ, అది మా తండ్రిగారికి ఆ ఏడాది జూలైలోనే తెలిసిందనీ, నాకు ఇప్పుడు తెలిసిందనీ రాసి, తేదీ వేసి సంతకం చేశాను. ఆమె చదువుకోలేదు. మనవడి చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి, రేషను కార్డు ఉన్న సంచీలో పెట్టింది.